ఆరడుగుల దూరం

అరండల్‌పేటలో జిరాక్స్ కొట్టుకీ ఫోన్ల కొట్టుకీ నడుమ
ఒంటి రెక్క తలుపు దుకాణం.
ఖాజావలి నిన్నటి పేపరు పరిచి
మూడు కెమెరాలు పెట్టాడు,
డాక్టరు ముందు పిల్లల్ని కూర్చోబెట్టినట్టు, వరసగా.
"పాతవేనమ్మా, ప్రాణం ఉన్నవి."
ఉందో లేదో చూడటం నాకు తెలిసిన పనే.

మొదటిది వెండిరంగుది.
మీట నొక్కితే మూతి సాగదీసి
దూరాన్ని దగ్గరికి లాక్కుంటుంది.
మళ్ళీ నొక్కితే గొణుక్కుంటూ లోపలికి పోతుంది.
"జూమ్. అందరూ ఇదే అడుగుతారు."
బ్యాటరీ మూత తీశాను.
మూలన పచ్చటి చిలుము,
వాడని ఇత్తడి బిందెలో ఉండేలాంటిది.
వద్దన్నాను.

రెండోది బొమ్మ మూలన తేదీ వేస్తుందట.
గోరుతో నొక్కుతూ ఏళ్ళు తిప్పాను.
తొంభై ఒకటి, నేను ఉద్యోగంలో చేరిన ఏడు.
పద్నాలుగు, డిజిటల్ మిషను వచ్చి
చీకటిగదిలో చీపుళ్ళు పెట్టిన ఏడు.
పందొమ్మిది దగ్గర ఆగి
వెనక్కి, ఎనభై ఏడుకి దూకింది.
చేసినవాళ్ళ లెక్కలో
లోకానికి అంతవరకే పని.
నేను రిటైరైంది ఇరవై రెండులో.
దీని దృష్టిలో ఇంకా డ్యూటీలోనే ఉన్నాను.
చేతిలోంచి దించడానికి కాసేపు పట్టింది.

మూడోది నల్లది, సబ్బుబిళ్ళంత.
జూమ్ లేదు, తేదీ లేదు.
ఒక్క కన్ను, ఉన్నచోటే ఉంటుంది.
"దగ్గరగా కావాలంటే మీరే నడవాలమ్మా"
తప్పు తనదైనట్టు చెప్పాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదిలో
గొట్టానికీ ఫిల్ముకీ మధ్య ఆరడుగులు.
టేపు లేకుండా ఇప్పటికీ చూపించగలను.
మిర్చియార్డు హమాలీలు, నూలుమిల్లు ఆడవాళ్ళు
చల్లటి పలకకి ఎద ఆనించి నిలబడేవాళ్ళు.
నావైపు ఎప్పుడూ వీపులే.
గాలి పీల్చు. బిగబట్టు. వదులు.
తర్వాత ఎర్రబల్బు కింద, హైపో వాసనలో
పక్కటెముకలు ఒక్కొక్కటే తేలేవి,
కాలవలో నీళ్ళు తగ్గితే రేవుమెట్లు తేలినట్టు.
పేరు తెలుసు, నంబరు తెలుసు,
ఏ ఊపిరితిత్తిలో ఎక్కడ మచ్చుందో తెలుసు.
కొత్తపేటలో ఒకసారి ఒకామె చెయ్యి పట్టుకుని
"మీరే కదమ్మా నాకు ఫొటో తీసింది?" అంది.
తల ఊపాను.
ఎవరో ఇప్పటికీ తెలీదు.
అటు తిరిగుంటే పోల్చుకునేదాన్నేమో.

నల్లదాని వెనక తలుపు తెరిచి చూశాను.
అంచున నురగపట్టీ కరిగి వేలికి అంటుకుంది.
"మార్చిస్తాను."
చెవి దగ్గర పెట్టుకుని నొక్కాను.
ఫ్లాషు దోమలా సన్నగా ఈల వేసింది,
ఆ తర్వాత మోటారు గిర్రుమంది.
గురక లేదు, పిల్లికూత లేదు.

మూడువేల ఎనిమిదొందలన్నాడు,
మూడువేల రెండొందలకి తెగింది.
రీలు వేరే, తొమ్మిదొందల యాభై.
ముప్పైఆరు బొమ్మలు.
"కడగడానికి మద్రాసు పంపాలమ్మా,
ఇక్కడ కడిగేవాళ్ళు ఎవరూ లేరు."
కౌంటరు మీదున్న నా చేతులు
వెనక్కి తీసుకున్నాను.
చీటీకి పేరడిగాడు. సలోమి.
వయసు కూడా చెప్పబోయి ఆగాను.
రీలు నేనే ఎక్కించాను, కళ్ళు మూసుకుని.
"ఇది వెలుగులోనే ఎక్కించొచ్చమ్మా."
తెలుసు.
కిటికీలో ఒకటి పడింది.

శ్యామలానగర్ గేటు వేసి ఉంది.
ఆటోలు, పాలక్యాన్ల బండి, యూనిఫారం పిల్లలు,
అందరూ పట్టాల వైపు తిరిగి ఉన్నారు.
మళ్ళీ వీపులే.
బండ్ల సందుల్లో ఒదిగి ఒదిగి
గేటు కర్ర దాకా పోయి ఇటు తిరిగాను.
రెండడుగులు జరిగాను. సరిగ్గా ఆరు.
"ఎవరమ్మా, టీవీ వాళ్ళా?" అన్నాడు పాలాయన.
జవాబు నోట్లో ఉండగానే
వెనకనుంచి గూడ్సు వచ్చేసింది.
ఆ మోతకి అందరి మాటలూ ఆగాయి.
నేనేమీ చెప్పలేదు,
వాళ్ళంతట వాళ్ళే బిగబట్టారు.

నొక్కానో లేదో ఆ మోతలో వినపడలేదు.
గేటు లేచాక, నీడకి పోయి,
కిటికీలో అంకె చూసుకోవాలి.